చూపుడు వీధి

ఊరికి ఆదర్శ పట్టణ బహుమతి వచ్చిన శుభ సందర్భాన, అధ్యక్షుల వారి జీవితమూ సేవలూ ప్రజలకు తెలియడం అత్యవసరమని పురపాలక సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆ జీవితం మొదటి నుంచీ తెలిసిన మనిషి ఊళ్ళో ఒక్కతే. హోటల్లో ముప్పై ఏళ్ళుగా పక్కలు వేస్తున్న దుప్పటక్క. ఆవిడను ఎవరూ అడగలేదు. కనక మనమే చెప్పుకుందాం.

అధ్యక్షుల వారు ఒకప్పుడు ఆ నాలుగంతస్తుల హోటలు గుమ్మంలో తలుపు తీసేవారు. వచ్చినవాడి చెప్పులు చూసి తలుపు ఎంత తెరవాలో ఇట్టే తేల్చేవారు. ఈ ప్రతిభ యజమాని కంట్లో పడింది. గుమ్మం నుంచి బల్ల దగ్గరికి, బల్ల దగ్గర్నుంచి అద్దాల గదిలోకి చేరి పన్నెండేళ్ళలో మేనేజరయ్యారు. గుమ్మంలో ఉన్నన్నాళ్ళూ దుప్పటక్కను "అక్కా" అనేవారు. బల్ల దగ్గర కూర్చున్నాక "ఏమమ్మా" అన్నారు. అద్దాల గదిలోకి వెళ్ళాక గంట కొట్టారు.

ఆయన మొదటి ఘనకార్యం నూటొకటో నంబరు గది. దిగడానికి వచ్చినవాళ్ళకు ముందు ఆ గదే చూపిస్తారు. దుప్పటి మీద ముడత ఉండదు, ఎవరూ పడుకోరు గనక. కుళాయిలు అద్దాల్లా మెరుస్తాయి, వాటికి నీళ్ళ గొట్టం కలపలేదు గనక. నీళ్ళు తగిలితే మరకలు పడతాయని మేనేజరు గారి దూరదృష్టి. "అచ్చం ఇలాంటిదే ఇస్తాం" అని చెప్పి, వంటింటి పొగ నేరుగా లోపలికొచ్చే మూడో అంతస్తు గది ఇచ్చేవారు. బస చేసినవాళ్ళు పొద్దున దగ్గుకుంటూ దిగి, అభిప్రాయాల పుస్తకంలో "గదులు బాగున్నాయి" అని రాసి వెళ్ళేవారు. చూసింది నూటొకటే కదా మరి.

ఆ గదిలో దుప్పటక్క పదకొండేళ్ళపాటు రోజూ పక్క మార్చింది. ఎవరూ పడుకోని పక్క మార్చడం దేనికని ఒకసారి అడిగితే, "చూపులకి కూడా నలుగుతుంది" అని మేనేజరు గారు సెలవిచ్చారు.

ఇంతటివాడిని ఊరు ఊరికే వదులుతుందా? పట్టణాధ్యక్ష పదవికి నిలబెట్టింది. "హోటలు నడిపినట్టే ఊరినీ నడుపుతాను" అని ఆయన వాగ్దానం చేశారు. జనం అరచేతులు కందేలా చప్పట్లు కొట్టారు. వాళ్ళలో ఆ హోటల్లో ఒక్క పూట ఉన్నవాడు లేడు. నూటొకటో గదిని మాత్రం రోడ్డు మీంచి కిటికీలోంచి అందరూ చూశారు.

గెలిచి మాట నిలబెట్టుకున్నారు. కార్యాలయంలో ఫిర్యాదుల పెట్టె పీకించి అభిప్రాయాల పుస్తకం పెట్టించారు. అధికారుల గది తలుపులకు "విశ్రాంతికి భంగం కలిగించరాదు" అనే అట్టముక్కలు వేలాడదీశారు. ఇవి చాలా ఉపయోగపడ్డాయి. ప్రభుత్వాసుపత్రిలో తువ్వాళ్ళన్నీ హంసల్లా మడిపించారు. రక్తం కారుతూ ఎవడైనా వస్తే హంసను విప్పాలి, విప్పాలంటే ముగ్గురి సంతకాలు కావాలి. హంసలు మాత్రం ఇప్పటికీ చెక్కుచెదరలేదు.

ఆ తర్వాత చూపుడు వీధి, అంటే వచ్చిపోయేవాళ్ళకు చూపించే వీధి. రైలు స్టేషను నుంచి హోటలుకు వచ్చే దారిలో ఉండటం చేత ఆ మహాభాగ్యం దుప్పటక్క వీధికి దక్కింది. గోడలన్నిటికీ ఒకే రంగు వేశారు. వీధి మొదట్లో తుప్పుపట్టిన కుళాయి ఒకటి రాత్రింబవళ్ళు కారుతుండేది. వికారంగా ఉందని దాన్ని పెకలించారు. బదులుగా ఇంటింటి ముందూ ఇత్తడి కుళాయి బిగించారు. తళతళా మెరిసిపోయాయి. ఎందుకు మెరిసిపోయాయో మీకు చెప్పనక్కర్లేదు.

చూపుడు వీధిలో బిందెలతో నడవడం నిషేధించారు. నీళ్ళు కావలసినవాళ్ళు మురుగుకాలువ గట్టు మీదుగా వెళ్ళి, మార్కెట్టు వెనక చేతిపంపు కొట్టుకుని, ఆ గట్టు మీదే తిరిగి రావాలి. దుప్పటక్క తల్లికి కాలి మీద పుండు. రోజుకు మూడుసార్లు శుభ్రమైన నీళ్ళతో కడగాలని డాక్టరు చెప్పాడు. దుప్పటక్కకు మోకాళ్ళు అరిగాయి, రోజుకు ఒక్క బిందె తేగలదు. దాంతో వండాలి, తాగాలి, పుండు కడగాలి. ఒకసారి గట్టు మీద జారి ఆ ఒక్కటీ ఒలకబోసుకుంది. పుండు వాసన పట్టింది. ఇంకో నెల ఇలాగే గడిస్తే కాలు తీసేయాల్సి వస్తుందని డాక్టరు అన్నాడు.

వీధివాళ్ళెవరూ నోరెత్తలేదు. పక్క వీధుల జనం సాయంకాలాలు పిల్లాజెల్లాతో వీధి చూడ్డానికి వస్తుంటే ఎలా ఎత్తుతారు? ఎదురింటి రిటైరైన మాస్టారు రోజుకు రెండుసార్లు కుళాయి తుడుచుకునేవారు. పొడిగుడ్డతోనే.

దుప్పటక్క మాత్రం పాత కుళాయి మళ్ళీ పెట్టించమని, అధ్యక్షులయ్యాక కూడా ఆయన వదలని హోటలు అద్దాల గదికి వెళ్ళింది. ఆమె నోరు తెరిచేలోగా ఆయనే లేచి, "రా అక్కా" అన్నారు. అవసరం పడితే ఆయనకు చుట్టరికం గుర్తుకొస్తుంది. ఆదర్శ పట్టణ బహుమతుల సంఘం తనిఖీకి వస్తోందట. వీధిలో ఒక్క కుళాయైనా తిప్పి చూడకపోరు. ఆమె పెరట్లో బల్ల మీద ఒక డ్రమ్ము పెట్టించి, గోడలోంచి గొట్టం తీసి ఇంటి ముందరి కుళాయికి కలుపుతారు. హోటలు మనుషులే దాన్ని నింపుతారు. ఆమె పనల్లా కాపలా.

"అందులోంచి అమ్మకి రెండు బిందెలు తీసుకోనా తమ్ముడూ?"

"చుక్క ముట్టుకోకు. బహుమతి రానీ, మొదటి నీళ్ళు నీ ఇంటికే. నా మాట."

పొద్దున వస్తామన్న సంఘం మధ్యాహ్నం దాటినా రాలేదు. హోటల్లో భోజనాల దగ్గర తనిఖీ సుదీర్ఘంగా సాగింది. పెరట్లో డ్రమ్ము నిండుకుండలా ఉంది. పక్కనే నులక మంచం మీద తల్లి కాలు చాపుకుని, ఈగలు తోలుకుంటోంది.

"ఎవరికే ఆ నీళ్ళు?"

"కుళాయికమ్మా."

"దాహమేసిందా దానికి?"

దుప్పటక్క వాకిలి వైపు చూసింది. కుళాయి తళతళా మెరుస్తూనే ఉంది, దానికేం రోగం? లేచి చెంబు తెచ్చింది. కాలు మూడుసార్లు కడిగింది. తల రుద్దింది, ఒళ్ళు తోమింది. వాసన పట్టిన పక్కబట్టలన్నీ నానబెట్టి ఉతికింది. నూటొకటో గదిలో వేసినట్టే ముడత లేకుండా, ఈసారి పడుకునే మనిషి కోసం పక్క వేసింది. చివరి చెంబు తల్లి తాగింది. డ్రమ్ము బోర్లించి మిగతా తడితో గడప తుడిచింది.

అప్పుడు వచ్చారు. సంఘం పెద్ద వీధి పొడుగునా తలాడిస్తూ నడిచి, సరిగ్గా ఆమె గుమ్మం ముందే ఆగి కుళాయి తిప్పాడు. కుయ్యిమని గాలి వచ్చింది. ఇంకా తిప్పాడు. అధ్యక్షుల వారు దుప్పటక్క వైపు చూశారు. ఆమె తల దించుకోలేదు. కానీ ఆయన ఏళ్ళ తరబడి హోటలు నడిపిన మనిషి. గొంతు సవరించుకున్నారు.

"గమనించారా? మా ప్రజల క్రమశిక్షణ. కుళాయి తిప్పినా నీరు వృథా కాదు. ఇంత పొదుపు మీరు మరే పట్టణంలోనూ చూసి ఉండరు."

చూసి ఉండలేదని సంఘం పెద్ద ఒప్పుకుని పుస్తకంలో రాసుకున్నాడు. నీటి పొదుపు పుణ్యమా అని ఆదర్శ పట్టణ బహుమతి వచ్చింది.

మర్నాడే సన్మాన సభ. అదీ దుప్పటక్క గుమ్మం ముందే. ఇకపై ఊళ్ళో ప్రతి వీధీ చూపుడు వీధే కాగలదనీ, పాత కుళాయిలన్నీ నెలలోగా తొలగించబడుననీ అధ్యక్షుల వారు ప్రకటించారు. చప్పట్లు మోగాయి. దుప్పటక్క లేచి నిలబడింది.

"సారూ, మొదటి నీళ్ళు మా ఇంటికేనన్నారు."

మాస్టారు ఆమె కొంగు పట్టి లాగారు. "ఇప్పుడా అడగడం? ఫొటోలు తీస్తున్నారమ్మా, పరువు పోతుంది."

అధ్యక్షుల వారు నవ్వారు. "తప్పకుండా అక్కా. ముందు నీ చేత్తో టీ ఇయ్యి. సామాన్యుల ఇంట టీ తాగుతున్నట్టు పేపర్లో పడాలట."

దుప్పటక్క లోపలికి వెళ్ళింది. బిందె బోర్లించి ఉంది. ముందు గదిలో అద్దాల బీరువా ఉంది. అందులో బంగారు అంచు కప్పులు ఆరు, వచ్చేపోయే వాళ్ళ కోసం తల్లి దాచినవి. కొన్న నాటి నుంచీ వాటిలో ఎవరూ ఏమీ తాగలేదు. ఆరూ అలాగే పళ్ళెంలో పేర్చి, తెచ్చి ఆయన ముందు పెట్టింది.

అధ్యక్షుల వారు కప్పులోకి చూశారు. కెమెరా వైపు చూశారు. కప్పు ఎత్తి ఉఫ్ ఉఫ్ మని ఊదుకుని, ఓ గుక్క తాగి, "అబ్బ, ఏం టీ!" అన్నారు. మిగతా అయిదు కప్పులూ పురపాలక సభ్యులు, మాస్టారు పంచుకున్నారు. మాస్టారికి పంచదార కాస్త ఎక్కువైందట. కప్పు అందనివాళ్ళు వాసనే అంత బాగుంటే టీ ఎంత బాగుంటుందో అనుకున్నారు.

లోపల్నుంచి ముసలమ్మ గొంతు వినిపించింది. "పాపం, ఇంకో కప్పు పొయ్యవే. ఊరిని మోసే మనుషులు."

పోసింది. ఇప్పుడు పళ్ళెం మీ ముందుకొచ్చింది. ఆలోచిస్తున్నారేం? ఫొటోలు తీస్తున్నారు, తీసుకోండి. ఊదుకుని తాగండి, వేడిగా ఉంది.