గుప్పెడు బియ్యంలో ఎర్ర రాయి

నా ఒత్తులూ దీర్ఘాలూ ఎక్కడైనా తప్పితే చదివేవారు మన్నించాలి. నేను అక్షరాలు దిద్దుకున్నది యాభై నాలుగో ఏట. ఈ కాస్త కథ రాయడానికి నలభై రోజులు పట్టింది. మీరు మాత్రం నా కోసం ఆగకుండా చదువుకోండి.

1983 డిసెంబరులో ఒక శనివారం పొద్దున్న జ్ఞానదాసు వేసుకున్న పథకం చాలా చిన్నది. పోర్టులో ఉదయం షిఫ్టు ముగించుకుని, రెండింటికి ఇంటికొచ్చి, అన్నం తిని, నాలుగింటికి అచ్యుతరామయ్యగారికి తన ఎర్ర బెరిల్ చూపించాలి. అంతే.

జ్ఞానదాసు రేవులో ఓడలకెక్కే ఖనిజం లెక్క రాసే గుమాస్తా. ఇంట్లో మాత్రం రాళ్ళు పోగేసే మనిషి. అచ్యుతరామయ్య స్టీలు ప్లాంటు ఇంజనీరు. గోదావరి జిల్లా నుంచి వచ్చి గోపాలపట్నంలో ఉంటున్నాడు. ఆయనకూ అదే జబ్బు. విశాఖపట్నం మొత్తం మీద రాళ్ళు పోగేసేవాళ్ళు ఐదుగురుంటే, ఆ ఐదుగురిలో ఏది దాచుకోవాలో ఏది పారెయ్యాలో తేల్చేది ఆయనే. జ్ఞానదాసు చూపించేవాటిని ఆయన చాలామటుకు అటూ ఇటూ తిప్పి, "బావుందండి, రోడ్డుకి పనికొస్తుందండి" అని తిరిగి ఇచ్చేసేవాడు. పదకొండేళ్ళుగా జ్ఞానదాసు ఆ మాట పడుతూ వచ్చాడు. ఇవాళ పడనక్కర్లేదు.

ఎర్ర బెరిల్ రోడ్డుకు పనికొచ్చే రాయి కాదు. పచ్చలు ఏ జాతివో అదీ ఆ జాతిదే. కానీ పచ్చలు నగల కొట్లో దొరుకుతాయి, దీన్ని కళ్ళతో చూసినవాళ్ళే తక్కువ. అమెరికాలో యూటా అనే చోట కొండల్లో తప్ప మంచి రాతి పలుకు దొరకదు. దొరికినా గోరంత ఉంటే గొప్ప. జ్ఞానదాసు పాడేరు కొండల నీలిరాళ్ళు పంపుతూ తొమ్మిదేళ్ళు ఉత్తరాలు రాయగా రాయగా, అక్కడి ముసలాయన ఒకడు కరిగి, ఒక్క పలుకును దూదిలో చుట్టి పంపాడు. బియ్యపు గింజ కన్నా కాస్త పెద్దది. చెక్కినట్టు ఆరు పలకలు. దానిమ్మ గింజ రంగు. ఆ ఎరుపు రవంత మాంగనీసు వల్ల వస్తుందట. జ్ఞానదాసు ముందు నుంచి రోజూ గుట్టలకొద్దీ మాంగనీసు ఓడలెక్కుతుంది. ఇరవై ఏళ్ళలో అది ఎర్రగా చేసింది అతని కళ్ళను మాత్రమే.

క్రిస్మసు వస్తోందని శుక్రవారం వెల్ల వేసేవాళ్ళు వచ్చారు. రాళ్ళ పెట్టెతో సహా సామానంతా వీధి అరుగు మీదికి పోయింది. ఎవరూ ముట్టని వస్తువు ఇంట్లో ఒక్కటే కనబడింది, గుప్పెడు బియ్యం డబ్బా. పూటపూటా ఎసట్లో పోసే ముందు భార్య ప్రేమలీల ఒక గుప్పెడు బియ్యం తీసి దేవుడి పేర అందులో వేస్తుంది. నెలాఖరు ఆదివారం అవి చర్చికి పోతాయి. దానికింకా చాలా రోజులున్నాయి. పొట్లం కట్టి పెడితే ఎవరైనా విప్పి చూస్తారు, విడిగా వేస్తే బియ్యంలో రాయిని ఎవరు చూస్తారు అనుకుని, జ్ఞానదాసు ఆ పలుకును అలాగే బియ్యంలో పూడ్చేశాడు. బియ్యం మెత్తగా పట్టుకుంటాయి, అంచు విరగదు అని కూడా ఆలోచించాడు. చాలా ఆలోచించాడు.

శనివారం రెండింటికి వచ్చి చూస్తే డబ్బా కడిగి బోర్లించి ఉంది.

"ఇందులో బియ్యవేవీ?" అన్నాడు.

"దేవుడికెల్లిపోనాయి. పండగని దీవెనమ్మ ముందే వచ్చి ఎత్తుకెల్లింది," అంది ప్రేమలీల. "ఏటండీ, అలాగైపోనారు?"

దేవుడి బియ్యంలో రాయి వేశానని ఆవిడకు చెప్పడం కన్నా అన్నం మానెయ్యడం తేలిక అనిపించింది. జ్ఞానదాసు చెప్పులేసుకుని చర్చికి పరుగెత్తాడు.

దీవెనమ్మ ఇల్లిల్లూ తిరిగి వాక్యం చెప్పే మనిషి. నలభై మూడిళ్ళ బియ్యాన్నీ పాస్టరుగారి వరండాలో చాప మీద ఒక్క గుట్టగా పోసి కూర్చుని ఉంది. పండక్కి పేద విధవరాళ్ళకు పంచాలి.

"అమ్మా, ఇందులో ఓ రాయుంది. నాను ఏరీసి ఎల్లిపోతాను."

"ఎవరింటి బియ్యంలోన బాబూ?"

మా ఇంటివంటే ప్రేమలీల పరువు పోతుంది. "ఎవరివో తెలీదమ్మా" అన్నాడు జ్ఞానదాసు. అలా భార్య పరువు కాపాడి, మిగిలిన నలభై రెండిళ్ళ పరువూ తీశాడు.

అరగంటలో పొరుగింటి అప్పలమ్మ వచ్చింది. ఆవిడ వెనక వీధంతా వచ్చింది.

"ఏటి దాసూ! మా బియ్యంలో రాళ్ళున్నాయని సెప్తన్నావట? ఇల్లంతా రాళ్ళు పెట్టుకున్నోడివి, నీ కళ్ళకి అన్నీ రాళ్ళే అవుపిస్తాయి!"

"నిన్ననలేదప్పా."

"మరెవుల్నన్నావు? పేరు సెప్పు!"

పేరు చెప్పకపోయేసరికి ఆడవాళ్ళంతా ఎవరి చేట వాళ్ళు తెచ్చుకుని, తమ బియ్యం కాదని రుజువు చేసుకోవడానికి గుట్ట చుట్టూ కూర్చున్నారు. చప్పుడు విని పాస్టరు దయానందంగారు బయటికి వచ్చారు. మధ్యలో చేట పట్టుకున్న మగవాణ్ణి చూసి ఆయన రెండు చేతులూ పైకెత్తారు.

"ఇరవై ఏళ్ళ సేవలో ఇలాంటి దృశ్యం చూడలేదు. ప్రార్థన చేసుకుందాం" అన్నారు.

పదిహేను నిమిషాలు చేశారు. అందరూ రెండు కళ్ళూ మూసుకున్నారు. జ్ఞానదాసు ఒకటి మూసుకుని, రెండోది బియ్యం మీద ఉంచాడు.

నాలుగింటికి అచ్యుతరామయ్య జ్ఞానదాసు ఇంటికి వెళ్ళి, వెల్ల వేసేవాళ్ళను అడిగి, వెతుక్కుంటూ ఇక్కడికే వచ్చాడు. జ్ఞానదాసు పక్కకు పిలిచి చెవిలో సంగతి చెప్పాడు.

"ఎర్ర బెరిల్‌ని బియ్యంలో వేశారాండీ? మనిషన్నవాడు చేసే పనేనాండీ?"

అంటూనే ఆయన చెప్పులు విడిచి, చేట ఒకటి లాక్కుని, భూతద్దం కంటికి పెట్టుకుని గింజ గింజా చూడసాగాడు.

ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, చేతిలో భూతద్దం, ఎవరితోనూ మాట లేదు. సర్కారు మనిషేనని అప్పలమ్మ తేల్చుకుంది. కాసేపు ఓర్చుకుని, ఇక ఓర్చుకోలేక లేచి నిలబడింది.

"అయ్యగారూ, నాను ఒప్పీసుకుంటన్నాను. నాల్నెల్లై దేవుడికి రేషను బియ్యవే ఏత్తన్నాను. సన్నాలు మేం తినీసినాం."

ఆవిడ కూర్చోగానే ఇంకొకామె లేచి నూకలు ఒప్పుకుంది. మరొకామె పురుగు పట్టినవి ఒప్పుకుంది. ఒకామె తన గుప్పెడు కాక మూడేళ్ళ మనవరాలి గుప్పెడుతో కొలుస్తున్నానని చెప్పి భోరుమంది. దయానందంగారు కళ్ళు తుడుచుకుని, ఇంతటి పశ్చాత్తాపం తెచ్చిన జ్ఞానదాసును కొత్త సంవత్సరం నుంచి సంఘ పెద్దగా పెడుతున్నామని అక్కడికక్కడే చెప్పేశారు. అందరూ ఆమెన్ అన్నారు. అప్పటికి గుట్ట సగమైంది. దొరికిన ఎర్రవి ఇటుక ముక్కలు మూడు, పూస ఒకటి.

అప్పుడు ప్రేమలీల వచ్చింది. నడకలోనే ఆవిడ సంగతంతా వినేసిందని తెలుస్తోంది.

"రాయి ఎవరింటి బియ్యంలోదో తెలీదన్నారట? మనింటివి కావని ఒక్క మాట సెప్పలేకపోనారా? దేవుడికిచ్చేవి రెండుమాట్లు సెరిగి, ఏరి మరీ ఇత్తాను నాను. పొద్దున్న ఒక్కటంటే ఒక్కటి దొరికింది, ఎర్రది. తీసీసినాను."

జ్ఞానదాసు చేతిలో చేట జారి బియ్యం చెదిరాయి. "తీసి... ఏటి సేసినావు?"

"ఏటి సేత్తాను? మీ రాళ్ళ పెట్టెలో ఏసినాను. బియ్యంలో ఏ రాయి దొరికినా అందులోనే ఏత్తన్నాను, పెళ్ళైన కాణ్ణించీ. రాళ్ళంటే పేణం గదా, సంతోషిస్తారని."

అచ్యుతరామయ్య భూతద్దం దించి జ్ఞానదాసు వైపు చూశాడు. పోయిన ఏడాది ఆయన ఆ పెట్టెలోంచే చిన్న తెల్లరాయి ఒకటి ఏరుకుని, బదులుగా తన ఊదారంగు స్ఫటికం ఇచ్చి, తీసుకెళ్ళి అద్దాల బీరువాలో పెట్టుకున్నాడు. "అరకు. అరుదైనది" అని చీటీ రాసిచ్చింది జ్ఞానదాసే. అప్పుడతను అది నిజమనే నమ్మాడు.

మగవాళ్ళిద్దరూ ఇంటిదాకా నడిచారు. అరుగు మీద పెట్టె తెరిచి చూస్తే, ఓ మూల పలుకు క్షేమంగా ఉంది. ఒక్క అంచు విరగలేదు. సాయంత్రపుటెండ తగిలి నిప్పుకణికలా వెలుగుతోంది. జ్ఞానదాసు దాన్ని తీసి అచ్యుతరామయ్య అరచేతిలో పెట్టాడు. తొమ్మిదేళ్ళ ఉత్తరాలు, పదకొండేళ్ళ మాటలు, అన్నిటికీ జవాబు ఆ అరచేతిలో ఉంది.

అచ్యుతరామయ్య పావుగంట సేపు దాన్ని భూతద్దంలో తిప్పి తిప్పి చూశాడు. చివరికి భూతద్దం జేబులో పెట్టుకున్నాడు.

"నిజం చెప్పండి జ్ఞానదాసు గారూ. ఇది కూడా బియ్యంలో దొరికిందేనాండీ?"

సంఘ పెద్ద కాబోయేవాడు అబద్ధమాడకూడదు కాబట్టి జ్ఞానదాసు అవునన్నాడు.

పి. తవిటమ్మ
వయసు అరవై ఎనిమిది
ఇప్పుడుంటున్నది భీమునిపట్నంలో, తమ్ముడి ఇంటి పక్క వాటాలో