బుడిపె ఎవరిది?

ఆ రోజు పొద్దున ఒర్నెల్లా కోరుకున్నది ఒక్కటే. ఏమీ దొరక్కూడదు.

జెనీవా పక్కన, భూమి అడుగున ప్రోటాన్లను ఎదురెదురుగా తెచ్చి గుద్దించే ప్రయోగశాలలో ఆమెది జెట్ల పని. గుద్దుకున్న చోటు నుంచి ఒకే వైపుకు గుంపుగా చిమ్ముకొచ్చే కణాలే జెట్లు. రెండేసి జెట్లను జతచేసి బరువు కట్టి, ఏ బరువు దగ్గర ఎన్ని జతలొచ్చాయో గీత గీస్తే అది జారుడుబల్లలా నున్నగా కిందికి దిగాలి. మధ్యలో బుడిపె లేచిందంటే కొత్త కణం ఉందన్నమాట. ఇన్నేళ్లుగా గీత నున్నగానే ఉంది. ఇవాళా అలాగే ఉంటే మధ్యాహ్నం సమావేశంలో "ఏమీ లేదు" అని చెప్పి, అందరిచేతా ఔననిపించుకుని, నెలాఖరుకు ముగిసిపోయే ఉద్యోగాన్ని ఇంకో రెండేళ్లు పొడిగించుకోవచ్చు. తేడా వచ్చిందో, అది తేలేలోపే ఉద్యోగం గడువు దాటిపోయి, టురిన్ వెళ్లి తమ్ముడి సైకిళ్ల కొట్లో కూర్చోవాలి. వాడు ఇప్పటికే స్టూలు కూడా కొన్నాడు.

లెక్కల పద్ధతి ఖరారయ్యేదాకా గీతలో అసలైన భాగాన్ని మూసే ఉంచుతారు. ముందే చూస్తే ఎంత నిజాయితీపరుడి చెయ్యయినా తనకు కావలసిన వైపే లాగుతుంది. ఒర్నెల్లా కాఫీ పక్కన పెట్టి, శిలువ వేసుకుని, గీత మీది మూత తీసింది.

బుడిపె! చిన్నాచితకా బుడిపె కాదు, ఒంటె మూపురమంత బుడిపె.

"కొంప మునిగింది" అంది పైకే. మరుక్షణం తేలిగ్గా నవ్వేసింది. ఆ బృందంలో ఒక ఆచారం ఉంది. పనిచేసేవాళ్లు మెలకువగా ఉన్నారో లేదో చూడటానికి పెద్దలెవరో ఒకరు గుట్టుగా అంకెల్లో దొంగ బుడిపెను కలిపేస్తారు. సమావేశంలో "ఎవరు కలిపారు?" అని అడిగినప్పుడే చెయ్యెత్తాలి, అందాకా నోరు విప్పకూడదు. పోయినేడు పావెల్ అలాంటిదాన్ని చూసి నిజమనుకుని, గంతులేసి, ప్రాగ్‌లో ఉన్న వాళ్లమ్మకు ఫోన్ చేశాడు. ఇప్పటికీ క్యాంటీన్లో ఎవరు ఎదురైనా "అమ్మకి చెప్పావా?" అని పలకరిస్తుంటారు పాపం.

ఒర్నెల్లా నేరుగా బృందం పెద్ద వోల్‌ఫ్రామ్ గదికి వెళ్లి కంప్యూటరు ఆయన ముందు పెట్టింది. "బాగుంది సార్ మీ పరీక్ష."

వోల్‌ఫ్రామ్ తొంగి చూశాడు. ముఖం పాలిపోయింది. "ఇది నాది కాదు."

"మీరు అలాగే అంటారని తెలుసు లెండి."

"అమ్మాయ్, నిజం చెప్తున్నా. ఇంత పెద్దది నాది కాదు!" అంటూ ఆయన జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు.

పక్క గదిలో ఉన్న ఆయన సహాయకురాలు మిరేయ్ కూడా అదే పాట. "మా పిల్లి మీద ఒట్టే తల్లీ! ఇంతది ఎవరు పెడతారే?" అని కుర్చీలో కూలబడింది. ఒర్నెల్లా కంప్యూటరు మూసి బయటికొచ్చింది. సరే, ఇద్దరూ నటిస్తున్నారనుకుందాం. చెమటలు కూడా నటిస్తాయా?

నటించకపోతే మరీ ప్రమాదం. ఆ దిగులుతోనే క్యాంటీన్లో కంప్యూటరు తెరిచి గీతను చూస్తూ కూర్చుంటే, వెనక నుంచి ఎవరో చెవిలో కేక పెట్టారు. "ఇదే! నేను ఎప్పుడో చెప్పిందే!" సిద్ధాంతాలు అల్లే తిబోర్. చేతిలో బంగాళదుంపల అట్టు పళ్లెం అలాగే వదిలేసి పరుగెత్తాడు. భోజనాలయ్యేసరికి వ్యాసం రాసేశాడు, కణానికి పేరు కూడా పెట్టేశాడు. తిబోరాన్ అట!

ఇంకేముంది, ఊరంతా పాకింది. సమావేశం గదిలో కుర్చీలు చాలక జనం కిటికీలెక్కారు. ఎవరో షాంపేన్ సీసాలు తెచ్చి ఐసులో పెట్టారు. ప్రయోగం మొత్తానికి అధిపతి అయిన హోకన్, ఎప్పుడూ ఇటువైపు తొంగిచూడని మనిషి, వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. ఒర్నెల్లా కంప్యూటరును గోడమీది తెరకు తగిలించింది. దొంగదాన్ని నిజమంటే తను రెండో పావెల్ అవుతుంది. నిజమైనదాన్ని దొంగదంటే ఈ లోకంలో ఎవరూ క్షమించరు. ఎటు తిరిగినా సైకిళ్ల కొట్టే.

గీతను చివరిసారి దగ్గరగా చూసింది. అప్పుడు కనబడిందో సంగతి.

వోల్‌ఫ్రామ్ చెవిలో గుసగుసలాడాడు. "నోరు జారకు. కొత్త కణం కావచ్చు అను చాలు. పెద్దాయన ఇక్కడే ఉన్నాడు, నీ ఉద్యోగం ఆయన సంతకం మీదే ఉంది."

ఒర్నెల్లా లేచి నిలబడింది. "ఇది దొంగ బుడిపె."

గది హోరెత్తింది. తిబోర్ బల్ల ఎక్కినంత పనిచేశాడు. "ఆధారమేంటి?"

"శిఖరం చూడండి. బరువుల లెక్కలో సరిగ్గా నాలుగు వేల దగ్గరుంది. అటు లేదు, ఇటు లేదు. రౌండు ఫిగర్ల మోజు మనుషులకే గాని ప్రకృతికి లేదు. ఎవరు కలిపారో చెయ్యెత్తండి!"

వోల్‌ఫ్రామ్ చెయ్యి మెల్లగా లేచింది. "నేనూ ఒకటి కలిపాను. కానీ ఒట్టు, నాది చిన్నది! మిగతాదంతా నిజమేననుకున్నా."

"అయ్యో, నేనూ అంతే అనుకున్నాను!" అంటూ మిరేయ్ చెయ్యెత్తింది. "నాదీ చిన్నదే!"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటుండగా ముందు వరసలో హోకన్ టై సర్దుకుని, తేలు కుట్టిన దొంగలా సగం చెయ్యెత్తాడు. "పాత రోజులు గుర్తొచ్చి... నేను కూడా ఒకటి."

ముగ్గురూ వాడింది ఒకటే ప్రోగ్రాము. అందులో ముందే వేసి ఉన్న నాలుగు వేలను మార్చే ఓపిక ముగ్గురిలో ఒక్కరికీ లేకపోయింది. షాంపేన్ తెచ్చినవాడు ఐసుతో సహా సీసాలు ఎత్తుకుని బయటికి నడిచాడు.

"మూడూ తీసెయ్యమ్మా, ఏమీ లేదని రాసుకుని ఇళ్లకు పోదాం" అన్నాడు హోకన్ నేలచూపులు చూస్తూ.

ఒర్నెల్లా తీసేసింది. హమ్మయ్య అనుకుంటూ తెర వైపు చూసింది. మూపురం పోయింది. కానీ నాలుగు వేలకు కాస్త అవతల, ఏ మనిషీ ఎంచుకోని ఒక వంకర అంకె దగ్గర, చిన్న బుడిపె మిగిలింది.

"ఇది ఎవరిది?" అని అడిగింది.

ఎవరూ చెయ్యెత్తలేదు. మళ్లీ అడిగింది. వోల్‌ఫ్రామ్ రెండు చేతులూ జేబుల్లో పెట్టుకున్నాడు. తిబోర్ అయితే తన వ్యాసంలో నాలుగు వేలు కొట్టేసి పక్క అంకె వేస్తున్నాడు. హోకన్ చాలాసేపు తెర చూసి, జేబులోంచి పెన్ను తీశాడు. "ఇది ఎవరిదో తేల్చేదాకా ఈ అమ్మాయి ఎక్కడికీ పోవడానికి వీల్లేదు. రెండేళ్లు రాయండి."

ఆ రెండేళ్లూ అయిపోయాయి, ఇంకో రెండేళ్లు పొడిగించారు; చెయ్యి మాత్రం లేవలేదు.