పంపినవారే రావాలి

ఆ గురువారం హైమావతి వేసుకున్న పథకం చాలా చిన్నది. చీకటితోనే లేచి పిండి రుబ్బుకోవాలి. పొద్దున బస్సుల రద్దీకి పెసరట్లు వేసి పంపాలి. భర్త పంతులుగారిని తెనాలి బస్సు ఎక్కించి, ఆయన అటు కదలగానే తాను బాపట్ల బస్సు ఎక్కాలి. అక్కడి ఆఫీసులో ఒక సంతకం పెట్టి, ఆయన తిరిగి వచ్చేలోపు ఇల్లు చేరి, ఏమీ ఎరగనట్టు పొయ్యి మీద పప్పు పెట్టాలి. అంతే.

రేపల్లె ఊరి చివర, తెనాలి బస్సులూ బాపట్ల బస్సులూ ఆగే మూల మీద ఆవిడది చిన్న టిఫిన్ కొట్టు. పైన రేకులు, కింద ఒక పెనం, రెండు బల్లలు. అక్కడ బస్సు ఆగుతుంది కాబట్టి మనుషులు ఆగుతారు, మనుషులు ఆగుతారు కాబట్టి పెసరట్టు తింటారు. ఎవరి కూతురికి సంబంధం కుదిరిందో, ఎవరి గేదె ఈనిందో, ఎవరు ఏ ఆసుపత్రికి వెళుతున్నారో అన్నీ ఆ పెనం దగ్గరే ఆవిడకి తెలిసేవి. ఆవిడకి టీవీ అవసరం ఎప్పుడూ రాలేదు.

అలాంటి మూలకి ఈమధ్య ఇద్దరు మనుషులు టేపు పట్టుకుని వచ్చారు. అటూ ఇటూ కొలిచి, ఏదో రాసుకుని వెళ్లిపోయారు. స్టాపు ఇక్కడ తీసేసి మార్కెట్ యార్డు దగ్గర పెడతారట అని మర్నాటికల్లా ఊరంతా చెప్పుకున్నారు. బస్సు ఆగని చోట పెసరట్టు ఎవరికి వేయాలి? ఆ పూట హైమావతికి అన్నం సహించలేదు.

ఆవిడ భర్త యజ్ఞనారాయణ పౌరోహిత్యం చేస్తాడు. అందరూ పంతులుగారు అంటారు. మంచి మనిషి, నెమ్మదస్తుడు. ఒక్కటే అలవాటు, ఏ మాటా నేరుగా చెప్పడు. కూరలో ఉప్పు ఎక్కువైతే పక్కింటావిడతో అంటాడు, ఆవిడ గోడ మీద నుంచి హైమావతికి చెబుతుంది. పెళ్లయిన కొత్తలో చీర బాగుందన్న మాట కూడా వాళ్ల మేనత్త చేత చెప్పించాడు. స్టాపు పోతుందట అని హైమావతి దిగులుగా చెబితే, ఆయన విని, కండువా దులుపుకుని, పూజకి వేళయిందంటూ లేచిపోయాడు. ఈయనతో అయ్యే పని కాదని ఆవిడ మనోహర్‌ని పిలిపించింది.

మనోహర్ పని ఆఫీసుల్లో మాట చెప్పడం. ఎవరికి ఏ కాగితం ఆగిపోయినా, ఎవరికి ఏ అధికారిని చూసి భయం వేసినా, తెల్ల చొక్కా వేసుకుని వాళ్ల తరఫున వెళ్లి మాట్లాడి వస్తాడు. డబ్బు ముట్టుకోడు. "నాకెందుకు పిన్నిగారూ, ఏదో మన మనుషులని వెళ్తాను" అంటాడు. అంటూనే రోజూ పొద్దున బల్ల మీద కూర్చుని ఉప్మా పెసరట్టు తినేవాడు. ఆవిడ వద్దనేది కాదు. తన కోసం తిరుగుతున్న మనిషి ఖాళీ కడుపుతో తిరక్కూడదు కదా.

ఆ మనోహర్ ఒకరోజు ముఖం వేలాడేసుకుని వచ్చాడు. బాపట్లలో రోడ్లూ స్టాపులూ చూసే ఆఫీసుకి రాగసుధ అని కొత్త అధికారి వచ్చిందట. ప్రతివాడూ తన పని చెప్పుకోకుండా ఇంకొకరిని పంపుతున్నాడని ఆవిడకి విసుగొచ్చిందట. అమెరికాలో కొన్ని రాష్ట్రాల్లో సర్కారు దగ్గర మాట చెప్పేవాడే కాదు, వాణ్ణి కుదుర్చుకున్నవాడు కూడా పేరు నమోదు చేయించుకోవాలని ఎక్కడో చదివి, తన ఒక్క ఆఫీసు వరకూ తానే ఆ పద్ధతి పెట్టేసిందట. గుమ్మంలో బోర్డు కూడా కట్టించింది. పంపినవారే స్వయంగా రావాలి, గురువారం మాత్రమే, అప్పటిదాకా పంపబడినవారి మాట వినబడదు.

"వెళ్లి ఒక్క సంతకం పెట్టి రండి పిన్నిగారూ. నాకు ఆరోజు వేరే పనుంది, లేకపోతే నేనే తీసుకెళ్లేవాణ్ణి" అన్నాడు మనోహర్, అల్లం పచ్చడి ఇంకాస్త వేయించుకుంటూ.

కాబట్టి గురువారం పొద్దున, తెనాలిలో ఎవరింట్లోనో వ్రతం ఉందన్న పంతులుగారు సంచి పట్టుకుని బస్సెక్కాడు. ఆ బస్సు మలుపు తిరిగేదాకా చూసి, హైమావతి పొయ్యి ఆపి, కొట్టుకి తడిక అడ్డంపెట్టి, బాపట్ల బస్సెక్కింది.

ఆఫీసులో కౌంటరు దగ్గర జ్ఞానానందం అనే గుమాస్తా కూర్చుని ఉన్నాడు. నెమ్మదైన మనిషి, అక్షరం అక్షరం దిద్దినట్టు రాస్తాడు. ఆవిడ పేరు రాశాడు, ఊరు రాశాడు, మనోహర్ పేరు రాశాడు. స్టాపు ఉన్నచోటే ఉండాలన్నది కోరిక అని రాశాడు. తర్వాత మాట్లాడిపెట్టినందుకు మనోహర్‌కి ఏమిస్తున్నారని అడిగాడు.

"ఏమీ ఇవ్వడం లేదండి" అంది హైమావతి.

"ఏదో ఒకటి రాయాలమ్మా. ఖాళీ వదిలితే మేడమ్‌గారు ఒప్పుకోరు."

"రోజూ ఒక పెసరట్టు పెడుతున్నానండి."

"ఉత్తదా, ఉప్మాదా?"

"ఉప్మాదేనండి."

జ్ఞానానందం అది కూడా రాసుకున్నాడు. అక్కడితో ఆగి ఉంటే ఆవిడ పథకం ప్రకారం ఇంటికి వెళ్లిపోయేది. కానీ కింద ఇంకో గడి ఉంది. మనోహర్ కాక మీ తరఫున ఇంకెవరైనా మాట చెబుతామన్నారా అని ఆయన అడిగాడు. హైమావతికి అబద్ధం నోటికి రాదు. కాస్త ఆలోచించి, కండక్టరు యలమంద పెద్దవాళ్లతో చెబుతానన్నాడంది. పూలమ్మే ఆవిడ చెబుతానంది. బ్యాంకులో పనిచేసే అబ్బాయి చెబుతానన్నాడు. కాలేజీ మేష్టారు, మందుల షాపాయన, పొద్దున్నే తెనాలి వెళ్లే కుట్టుపని ఆడవాళ్లు, అందరూ ఆ మాటే అన్నారు. అన్నవాళ్లకల్లా ఆవిడ పచ్చడి ఇంకో గరిటె వేసింది. జ్ఞానానందం కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఒక్కొక్కరికీ విడివిడిగా కాగితం నింపాలమ్మా, ఇంటి పేరూ ఇంటి నంబరూ కావాలి అన్నాడు.

రోజూ తినిపోయే మనిషి ఇంటి పేరు ఎవరడుగుతారు? హైమావతి ఆ కౌంటరు దగ్గర నుంచే యలమందకి ఫోన్ చేసింది. అతని బస్సు అప్పుడు పిట్టలవానిపాలెం దాటి బాపట్లకే వస్తోంది. ఇంజను మోతకి వినబడక అతను ఫోను స్పీకరులో పెట్టాడు. నేను బాపట్ల ఆఫీసులో ఉన్నాను, పెసరట్టు పెట్టినందుకు అందరి పేర్లూ రాయించమంటున్నారు అన్న మాట ముందు సీట్లలో వాళ్లు సరిగ్గానే విన్నారు. అది వెనక సీటుకి చేరేసరికి, ఊరికే పెసరట్లు పెట్టిందని హైమావతిగారిని ఆఫీసులో కూర్చోబెట్టేశారు అని తయారైంది. బాపట్లలో బస్సు దిగినవాళ్లలో కోర్టుకి వెళ్లాల్సినవాళ్లు కోర్టుకి వెళ్లలేదు, సూర్యలంక వెళ్లాల్సినవాళ్లు సూర్యలంక వెళ్లలేదు. అందరూ తిన్నగా ఆఫీసుకి వచ్చారు.

ఆవిడ పెట్టింది మేమూ తిన్నాం, మా పేర్లూ రాసుకోండి అని వాళ్లు కౌంటరు చుట్టూ నిలబడ్డారు. ఒకాయన తాను తిన్నది ఇడ్లీ అనీ, అది లెక్కలోకి వస్తుందా అనీ అడిగాడు. జ్ఞానానందం దగ్గర కాగితాలు అయిపోయాయి. వరసలో నిలబడండి బాబూ అని బతిమాలితే, ఆ వరస మెట్లు దిగి గేటు దాకా వెళ్లింది.

ఆ గొడవకి రాగసుధ గదిలోంచి బయటికి వచ్చింది. చిన్న వయసు మనిషి, చేతిలో సగం తాగిన టీ గ్లాసు ఉంది. తన పద్ధతి ఇంత బాగా నడుస్తుందని ఆవిడ కూడా అనుకోలేదు. ఎవరు వీళ్లంతా అని అడిగితే, అందరూ రేపల్లె హైమావతిగారి తరఫువాళ్లేనని జ్ఞానానందం చెప్పాడు.

"మేమే కాదు మేడమ్" అన్నాడు యలమంద వరస చివర చూస్తూ. "అక్కడ పంతులుగారు కూడా ఉన్నారు."

హైమావతి తిరిగి చూసింది. వరస చివర, గేటు పక్కన, తెనాలిలో వ్రతం చేయిస్తూ ఉండాల్సిన యజ్ఞనారాయణ సంచి చంకలో పెట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆవిడ కంటపడకుండా బాపట్ల బస్సెక్కడం కుదరదు కాబట్టి, తెనాలి దాకా వెళ్లి, అక్కడ రైలెక్కి, చుట్టూ తిరిగి వచ్చాడు పాపం. ఆయన పక్కన, వేరే పనుందన్న మనోహర్ తెల్ల చొక్కాలో మెరిసిపోతున్నాడు.

"వ్రతం బాగా జరిగిందా అండీ?" అంది హైమావతి.

పంతులుగారు కండువా సర్దుకుని పక్కకి తిరిగాడు. "నువ్వు చెప్పు మనోహర్" అన్నాడు.

"ఆయన ఇంక చెప్పక్కర్లేదండి" అంది రాగసుధ. "ఈ స్టాపు గురించి ఒకరోజు వచ్చి మార్చాలంటాడు, ఇంకోరోజు వచ్చి మార్చకూడదంటాడు. రెండుసార్లూ కళ్లనీళ్లు పెట్టుకునే చెప్పాడు. అసలు ఎవరు పంపుతున్నారో చూద్దామనే ఈ బోర్డు కట్టించాను."

మనోహర్ తల గోక్కున్నాడు. ముందు మార్చమని చెప్పించింది పంతులుగారేననీ, ఆయన తమ ఇంటి గృహప్రవేశం చేయించిన మనిషి కాబట్టి కాదనలేకపోయాననీ, తర్వాత పిన్నిగారు మార్చవద్దని చెప్పమన్నారనీ, రోజూ అన్నపూర్ణలా పెట్టే మనిషిని కూడా కాదనలేకపోయాననీ చెప్పుకున్నాడు. గురువారం సంతకానికి రమ్మని ఇద్దరికీ చెప్పాననీ, ఎవరి రోజున వాళ్ల మాట మనస్ఫూర్తిగానే చెప్పాననీ అన్నాడు. అది నిజమే.

రాగసుధ టీ గ్లాసు పక్కన పెట్టింది. ఆ స్టాపు మార్చాలని తమ ఆఫీసులో ఎవరూ ఎప్పుడూ అనుకోలేదంది. పంతులుగారి మాట వచ్చింది కాబట్టే టేపు ఇచ్చి మనుషులని పంపామంది. వాళ్లు కొలవబట్టి ఊళ్లో పుకారు లేచింది, పుకారు లేవబట్టి హైమావతి మనోహర్‌ని పంపింది. అదంతా విని వరసలో ఉన్నవాళ్లు పంతులుగారి వైపు తిరిగారు. ఇడ్లీ తిన్నాయన కూడా తిరిగాడు.

"నా కొట్టు మీకేం అడ్డం వచ్చిందండీ?" అంది హైమావతి. గొంతు పెద్దది చేయలేదు గానీ కొంగు బిగించింది.

పంతులుగారు మనోహర్ వైపు చూశాడు. మనోహర్ నేల చూపులు చూశాడు. పక్కింటావిడ రేపల్లెలో ఉంది. మేనత్త పోయి చాలా కాలమైంది. ఇక దారిలేక ఆయనే నోరు తెరిచాడు.

"పొద్దున మంచం దిగేటప్పుడు మోకాలు పట్టుకుని ఆగుతావు. నేను నిద్రపోతున్నాననుకుంటావు. నేను నిద్రపోను హైమా" అన్నాడు. "ఆ పెనం ముందు నిలబడి నిలబడే నీకు అలా అయింది. స్టాపు పోతే కొట్టు పోతుంది, కొట్టు పోతే కాస్త కూర్చుంటావనుకున్నాను."

జ్ఞానానందం కలం మూత పెట్టేశాడు.

"ఆ మాట నాతో అనొచ్చుగా" అంది హైమావతి.

"అంటే వింటావా?"

"వినను. కానీ ఇంత దూరం రాకుండా ఇంట్లోనే వినకుండా ఉండేదాన్ని."

యలమంద బస్సులో వచ్చిన పూలమ్మే ఆవిడ ముందు నవ్వింది, తర్వాత వరసంతా నవ్వింది. పంతులుగారికి కూడా నవ్వొచ్చింది. కొట్టు మూయమని ఇక అననన్నాడు. పూజలు లేని రోజుల్లో పెనం ముందు తాను నిలబడతాననీ, ఆవిడ ఎత్తు స్టూలు మీద కూర్చుని పచ్చడి వేస్తూ వచ్చేవాళ్లతో మాట్లాడుకోవచ్చనీ అన్నాడు. ఇంత పెద్ద మాట ఆయన మధ్యన మనిషి లేకుండా చెప్పడం అదే మొదలు. హైమావతి సరేనంది. దీన్ని కూడా నమోదు చేయాలా మేడమ్ అని జ్ఞానానందం అడిగితే, ఇందులో ఎవరూ ఎవరినీ పంపలేదు కదా, అక్కర్లేదని రాగసుధ గదిలోకి వెళ్లిపోయింది. స్టాపు ఉన్నచోటే ఉంది.

మర్నాడు పూజలు లేవు. పంతులుగారు స్నానం చేసి, పెనానికి దణ్ణం పెట్టి, అట్లకాడ అందుకున్నాడు. ఏ పనైనా విధి ప్రకారం చేసే మనిషి కావడంతో ఒక్కో పెసరట్టునీ మధ్య నుంచి గుండ్రంగా తిప్పి, అంచు వంకరపోతే మళ్లీ దిద్ది, ఉల్లిపాయ ముక్కలు నాలుగు దిక్కులా సమంగా సర్ది, అది ఎర్రబడేదాకా రెప్పవేయకుండా చూస్తాడు. రుచికి వంక లేదు. స్టూలు మీద హైమావతి మహారాణిలా కూర్చుని ఊరి కబుర్లన్నీ తీరిగ్గా వినసాగింది. మొదటి బస్సు పెసరట్టు చేతికి రాకుండానే కదలాల్సి వచ్చింది, రెండో బస్సూ అంతే.

తర్వాతి గురువారం యలమంద బాపట్ల ఆఫీసుకి వెళ్లి, ఆ స్టాపులో బస్సులు పావుగంట ఎక్కువ ఆగనివ్వాలని ప్రయాణికులందరి తరఫున తన పేరు నమోదు చేయించాడు. పంతులుగారి చెయ్యి నెమ్మదన్న మాట మాత్రం ఇప్పటిదాకా ఆయనకి ఎవరూ చెప్పలేదు, చెప్పడానికి ఎవరిని పంపాలో ఇంకా తేలలేదు.