మూత లేని నిజం

"కర్రకు అబద్ధమాడటం చేతకాదు!" అని మా బావ ఒక ఉదయాన మహావాక్యం పలికాడు. పలికి ఊరుకుంటే బావ ఎందుకవుతాడు? పొద్దెక్కేలోగా వర్క్‌షాపు బోర్డు మీద రాయించేశాడు కూడా!

గిటారు కర్ర పలికే శబ్దాన్ని స్పీకర్లకు అందించే పికప్పులు తయారుచేస్తాం మేము. అంటే, తయారుచేసేది నేను, 'మేము' అనేది బావ. బజారు పికప్పులు పెడితే మంచి గిటారు కూడా రేకుడబ్బాకు కట్టిన రబ్బరులా మోగేది. నేను గిటారు పొట్టలో చిన్న మైకు దాచి, అది స్పీకరు శబ్దాన్నే మళ్లీ మింగి కుయ్యోమనకుండా దారికి తెచ్చేసరికి నా తల సగం నెరిసింది.

"బావా, గిటారు మీద మైకు ఆపడానికో స్విచ్ పెడదాం."

"నిజానికి మూతేంట్రా, సన్నాసీ!"

మూత పెట్టలేదు.

పెద్ద కచేరీ హాలు వాళ్లకు సరుకు నచ్చితే వర్క్‌షాపు నిలుస్తుంది. లేదంటే నాకు మళ్లీ సభల మైకులకు వైర్లు అతికించే బతుకే. పరీక్ష కచేరీ పెట్టారు. హాలు అధ్యక్షులవారు మహా రసికులు. కరెంటు తగిలితే సంగీతం చస్తుందని ఎన్నోసార్లు సెలవిచ్చారు, మైకులోనే! కచేరీ సాంతం కళ్లు మూసుకుని విన్నారు.

కచేరీ ముగించి వాద్యకారుడు గిటారును స్టాండుకు ఆనించి మంచినీళ్లకు వెళ్లాడు. అధ్యక్షులవారు వేదికెక్కి, జనానికి వీపు పెట్టి, గిటారు మీదుగా, అవతల నిలబడ్డ బావ చెవి దగ్గరకు వంగారు.

"నిద్ర పట్టేసిందయ్యా! ఏం వాయించాడు? రెండు ముక్కలు అందించు, మాట్లాడాలి."

ఆ గుసగుస కర్ర కమ్మదనంతో సహా వెనక వరుస దాకా వెళ్లింది. స్పీకర్లన్నీ జనం వైపే తిరిగి ఉండటంతో వేదిక మీది ఇద్దరికీ తెలియలేదు. హాలు వెనక కూర్చున్న నా చెయ్యి ఆంప్లిఫయరు మీదే ఉంది. కట్టేయవచ్చు. కానీ వారి గొంతులో బేస్ కాస్త ఎక్కువైందనిపించి, అది మాత్రం తగ్గించాను. వృత్తిధర్మం!

"నాకేం తెలుసండీ! తీగకీ దారానికీ తేడా తెలియనోణ్ణి," అన్నాడు బావ, ఇంకా స్పష్టంగా. "అంతా మా బావమరిది చూసుకుంటాడు. 'కర్ర మాట్లాడింది' అనేయండి, చెల్లిపోద్ది."

హాలు పగలబడి నవ్వింది. నా ఉద్యోగానికి నీళ్లొదులుకున్నాను.

తెల్లారి వర్క్‌షాపుకు వెళ్తే బోర్డు మీద కొత్త మహావాక్యం: "సంగీతానికి ప్రాణం మౌనం!" కింద బావ, ముఖం వెలిగిపోతూ.

"ఒరేయ్, సరుకు నచ్చిందట! సహజత్వం మాత్రం అవసరానికి మించి ఉందట. స్విచ్ ఉండి తీరాలన్నారు."

"నేను మొదట్నుంచీ అదేగా మొత్తుకుంటున్నా! గిటారు పక్కన, వేలికి అందేలా..."

"గిటారుకెందుకురా? అధ్యక్షులవారి కుర్చీకి బిగించమన్నారు!"