శివవ్వ చెప్పిన నొప్పులు

గురువారం పొద్దున శివవ్వ రెండు జొన్నరొట్టెలు తిని, ఆకుపచ్చ చీర కట్టుకుని, పక్కింటి వెంకవ్వ దవాఖానా ఫైలు సంచిలో పెట్టుకుని సిద్ధమైంది. తొమ్మిదికి ఆటో ఎక్కితే తొమ్మిదిన్నరకు డాక్టర్ దగ్గర ఉండవచ్చు. పదిలోపు టోకెన్ దొరుకుతుంది. చూపించుకుని, బయట చాయ్ తాగి, మధ్యాహ్నానికి ఇల్లు చేరవచ్చు. రోగం వెంకవ్వది, ఏర్పాట్లు శివవ్వవి. పద్దెనిమిదేళ్లుగా ఇంతే.

నాందేడ్‌లో వాళ్ల గల్లీవాళ్లంతా మహారాష్ట్ర సరిహద్దు ఊళ్లు కర్ఖేలి, భోకర్ వైపు నుంచి పని కోసం వచ్చి స్థిరపడిన తెలుగువాళ్లు. బజారు మరాఠీ అందరికీ ఎంతో కొంత వచ్చు. డాక్టర్ ముందు మాట్లాడే మరాఠీ మాత్రం తనకు తప్ప ఎవరికీ రాదని శివవ్వ నమ్మకం. ఆమె మరాఠీ బడిలో ఏడో తరగతి దాకా చదివింది. వెంకవ్వ అయితే డాక్టర్ ఏది అడిగినా శివవ్వ మొహమే చూసేది.

అందుకే గల్లీలో ఎవరికి బాగాలేకపోయినా శివవ్వే వెంట వెళ్లేది. రోగి స్టూలు మీద కూర్చుంటే ఆమె కుర్చీలో కూర్చునేది. "ఈమెకు కడుపులో నొప్పి" అని పొడిగా చెప్పడం ఆమెకు చేతకాదు. "నాకు కడుపులో పేగులు పిండినట్టవుతోంది డాక్టర్ సాబ్" అని తన కడుపే పట్టుకుని చెప్పేది. ఒకసారి హన్మాండ్లుకు రాసిన సూది నర్సు పొరపాటున ఆమెకే వేసేసింది. మధ్యలో అడ్డు చెబితే అతని నొప్పి సంగతి పక్కదారి పడుతుందని శివవ్వ ఊరుకుంది.

"అక్కా, ఎల్లు. ఆటో అస్తది" అని రెండిళ్ల మధ్య పిట్టగోడ దగ్గర నిలబడి పిలిచింది.

వెంకవ్వ తల పైకి వచ్చింది. నూనె రాసి నున్నగా దువ్వి ఉంది. "ఈయాల నేను రాను చెల్లె. పదింటికి డాక్టరమ్మనే మా ఇంటికి అస్తది."

"ఇంటికా! ఏ డాక్టరమ్మ?"

"ఫోన్‌ల అస్తది. మా తృప్తి మాట్లాడి పెట్టింది. తెలుగామెనట. నీకు గుడ తిప్పల తప్పింది పో."

తృప్తి వెంకవ్వ కోడలు. కాపురానికి వచ్చి ఇంకా ఏడాది కాలేదు. పద్దెనిమిదేళ్ల తిప్పలను ఒక్క ఫోన్‌తో తప్పించిన ఆ పిల్ల మీద శివవ్వకు ఒక్కసారిగా ఒళ్లు మండింది. చీర విప్పకుండానే పక్కింటికి నడిచింది.

సరిగ్గా పదికి ఫోన్‌లో డాక్టర్ శుభాంగి కనిపించింది. ఉండేది హైదరాబాద్‌లో, పుట్టింది ధర్మాబాద్‌లో. "మోకాలు ఎట్లుందమ్మా?" అని అడిగింది.

వెంకవ్వ నోరు తెరిచేలోపు శివవ్వ ఫోన్ మీదికి వంగింది. "మోకాలా డాక్టరమ్మా, మెట్లు దిగుతుంటే లోపట గవ్వలు రాసుకున్నట్టైతది..."

"మీరెవరమ్మా?"

శివవ్వ వెంకవ్వ వైపు చూసింది. చెల్లెలు అంటుందో, దోస్తు అంటుందో అని ఎదురుచూసింది.

"పక్కింటామె" అంది వెంకవ్వ.

"పేషెంట్‌ను మాట్లాడనియ్యండి. మీరు జర పక్కకు జరగండి."

శివవ్వ జరిగింది. ఫోన్‌లో ఆమె మోచేయి ఒక్కటి మిగిలింది. తృప్తి ఫోన్ కొంచెం తిప్పడంతో అదీ పోయింది.

"మంచిగనే ఉన్న డాక్టరమ్మా. మోకాలు జరంత నొస్తది, అంతే" అంది వెంకవ్వ.

శివవ్వ ప్రాణం విలవిల్లాడింది. రాత్రంతా మూలిగే నొప్పిని 'జరంత' అనడానికి ఈమెకు నోరెలా వచ్చింది? డాక్టరమ్మ రెండు మాత్రలు చెప్పింది. కర్ఖేలి పక్కనే తన అమ్మమ్మ ఊరని చెబితే వెంకవ్వ నవ్వింది, డాక్టరమ్మా నవ్వింది. ఐదు నిమిషాల్లో అంతా అయిపోయింది. వైద్యం కంటే ఆ నవ్వే శివవ్వకు ఎక్కువ గుచ్చుకుంది.

"చిన్నత్తా, ఆ ఫైలు గిటియ్యి. ఫోటోలు తీసి పంపాలె" అని తృప్తి చేయి చాపింది.

శివవ్వ ఫైలు ఇచ్చింది. చుట్టూ ఉన్న రబ్బరు బ్యాండు మాత్రం తనదని తీసుకుంది. గుమ్మం దాకా వచ్చి ఆగి, ఎవరూ అడగకపోయినా చెప్పింది. "నాకు గుడ ఉన్నడు ఫోన్‌ల డాక్టర్. పుణెల పెద్ద గుండె డాక్టర్."

"నీకు గుండె జబ్బానే! ఎప్పటి సంది?" అని వెంకవ్వ అదిరిపడింది.

"మొన్నటి సంది."

"ఎప్పుడు అస్తడు చిన్నత్తా? మేము గుడ చూస్తం" అంది తృప్తి.

"శనివారం పదింటికి. అందరు రాండ్రి" అనేసింది శివవ్వ.

ఇంటికి వచ్చేసరికి ఆమె భర్త ముత్తన్న కుట్టుమిషన్ ముందు బడి యూనిఫారాలు కుడుతున్నాడు.

"నాకు ఫోన్‌ల గుండె డాక్టర్ గావాలె. శనివారానికి."

ముత్తన్న మిషన్ ఆపాడు. "నీకేమైందే?"

"ఏం గాలే."

"మరి డాక్టర్‌కు ఏం జెప్తవ్?"

"నా నోట్ల మాటలకేం కరువు? నువ్వు పేరు రాయి."

ముత్తన్న ఏ పని చేసినా కొలత తప్పడు. ఫోన్‌లో డాక్టర్ల యాప్ తెరిచి, పేరు, వయసు, ఇంటి అడ్రసు, గల్లీ మలుపులో ఉన్న పిండిగిర్నీ గుర్తుతో సహా అన్నీ నింపాడు.

శనివారం వాకిట్లో స్టూలు మీద ఫోన్ నిలబెట్టారు. సౌండు పూర్తిగా పెంచారు. గల్లీ ఆడవాళ్లు మెంతికూర చేటల్లో వేసుకుని, ఆకు తెంపుతూ కూర్చున్నారు. ముందు వరసలో వెంకవ్వ, పక్కనే తృప్తి. ఫోన్‌లోకి డాక్టర్ అభయ్ వచ్చాడు. కళ్లద్దాల కుర్రవాడు. "మావశీ, కాయ్ త్రాస్ హోతోయ్?" అని బాధేమిటో అడిగాడు.

కాస్త ఆయాసం అని చెప్పి ఊరుకుందామనే శివవ్వ అనుకుంది. కానీ తెల్లకోటు కనబడగానే ఆమె చేయి దానంతటదే గుండె మీదికి వెళ్లింది. ముందుగా, ఎప్పుడో తను వెంట వెళ్లి చెప్పిన లచ్చవ్వ ఛాతీ నొప్పి బయటికి వచ్చింది. రోలు ఎత్తి మీద పెట్టినట్టుందని చక్కటి మరాఠీలో చెప్పింది. డాక్టర్ పెన్ను కింద పెట్టాడు. శివవ్వ ఓరగా చూసింది. వెంకవ్వ నోరు తెరుచుకుని చూస్తోంది. ఆ ఊపులో హన్మాండ్లు ఎడమచేయి గుంజుడు కూడా కలిపింది. పోశన్న చల్లచెమటలు కలిపింది. చివరికి వెంకవ్వ కళ్లు తిరగడం కూడా వదల్లేదు. ఎంత బాగా చెప్పిందంటే, చెబుతూ చెబుతూ తనకే కన్నీళ్లు వచ్చాయి.

"ఇది ఎప్పుడు మొదలైంది?" అని డాక్టర్ అడిగాడు.

పాతదంటే విలువ తగ్గుతుందనిపించింది. "ఇప్పుడే" అంది.

డాక్టర్ కుర్చీలోంచి లేచాడు. "కదలకండి మావశీ. ఇంట్లో ఎవరున్నారు?"

ఇది నిజం నొప్పే అనుకుని ముత్తన్న మెడలో టేపుతో ఫోన్ ముందుకు వచ్చాడు. ఏ మాత్ర నమిలించాలో డాక్టర్ చెబితే తృప్తి మందుల దుకాణానికి పరుగెత్తింది. అంబులెన్స్ పంపిస్తున్నాననీ, కాల్ మాత్రం కట్ చేయొద్దనీ అన్నాడు డాక్టర్. అడ్రసు ఇంత స్పష్టంగా రాసినవాళ్లను ఇంతవరకు చూడలేదని కూడా అన్నాడు. ముత్తన్న ఆ గాభరాలోనూ కొంచెం సంతోషించాడు.

నిజం చెప్పేయడానికి అదే సమయం. శివవ్వ నోరు తెరిచింది కూడా. ఇంతలో తృప్తి చెప్పుల్లేని కాళ్లతో మాత్ర తెచ్చి ఆమె ముందు కూలబడింది. "చిన్నత్తా, నేను ఫైలు గుంజుకున్ననని నీ మనసుకు తగిలినట్టుంది! నాదే తప్పు!" అని ఏడ్చింది. వెంకవ్వ అందరినీ తోసుకుని వచ్చి శివవ్వ చేయి గట్టిగా పట్టుకుంది. అంతమంది రోగాలు చెప్పిన శివవ్వ చేతిని ఇంతవరకు ఎవరూ అలా పట్టుకోలేదు. ఇంకొంచెం సేపు పట్టుకోనీ, అంబులెన్స్ వచ్చాక చెబుదాం అనుకుంది. మాత్ర మాత్రం నమిలింది.

అంబులెన్స్ గల్లీలో పట్టక పిండిగిర్నీ దగ్గరే ఆగింది. శివవ్వ స్ట్రెచర్ మీద గల్లీ అంతా ఊరేగింది. ఒక పక్క ముత్తన్న కాల్ కట్ కాకుండా ఫోన్ ఎత్తి పట్టుకుని నడిచాడు. ఇంకో పక్క వెంకవ్వ తన ఫైలు పట్టుకుని నడిచింది. దవాఖానాకు వెళ్తే ఫైలు చేతిలో ఉండాలన్నదొక్కటే ఆమెకు తెలుసు.

దవాఖానాలో డాక్టర్ అది శివవ్వదే అనుకుని ఆ ఫైలు తెరిచాడు. వయసు అరవై ఆరు. షుగర్, బీపీ, మోకాళ్లు. షుగర్ ఉన్న మనిషికి ఛాతీ నొప్పి వస్తే తేలిగ్గా తీసుకోకూడదని, శివవ్వను వెంటనే పైకి, గుండె వార్డుకు తీసుకెళ్లమన్నాడు. ఫైలు తనది కాదని చెప్పబోతుంటే నర్సు ఆమె మూతికి మాస్కు తగిలించి, "బోలూ నకా" అని మాట్లాడొద్దని కసిరింది. ఛాతీకి తీగలు అంటించారు. ఇంకో నర్సు ఫైలు చూసి షుగర్ తగ్గించే సూది సిద్ధం చేస్తోంది. శివవ్వకు నిజంగానే చెమటలు పట్టాయి. లేని షుగర్ తగ్గితే ఏమవుతుందో, ఎంతోమంది వెంట తిరిగిన ఆమెకు బాగా తెలుసు. ఆ ఫైలు ఎవరిదో చెప్పగల మనిషి వెంకవ్వ ఒక్కతే. ఆమెకేమో డాక్టర్ ముందు మాట్లాడే మరాఠీ రాదాయె.

"డాక్టర్ సాబ్, ఆగండి" అంది వెంకవ్వ.

మరాఠీలోనే అంది. తడుముకోకుండా, నడుము మీద చేయి పెట్టుకుని అంతా చెప్పింది. ఈ మనిషి వయసు యాభై రెండు. ఛాతీ నొప్పి లచ్చవ్వది, ఆమెకు రెండేళ్ల కిందటే నయమైంది. చేయి హన్మాండ్లుది, చెమటలు పోశన్నవి. కళ్లు తిరిగేది, షుగరు, ఫైలు తనవి. ఈమెకున్నది కుళ్లు. అది గురువారం పొద్దున పది నుంచి మొదలైంది. దానికి సూది ఉంటే వేయండి.

డాక్టర్ ఈసీజీ కాగితం చూసి తన గుండె కంటే ఇదే బాగుందన్నాడు. ముత్తన్న ఎత్తి పట్టుకున్న ఫోన్‌లోంచి డాక్టర్ అభయ్ గొంతు అడిగింది. "నేను ఇంక కట్ చేయవచ్చా?"

నర్సు మాస్కు తీసింది. శివవ్వకు ప్రాణం దక్కిన సంగతి కూడా గుర్తులేదు.

"అక్కా! నీకు గింత మరాఠీ అస్తదా?"

"ముప్పై ఏండ్లు మోండా మార్కెట్ల మిర్చి ఏరిన. రాకుంటెట్ల?"

"మరి పద్దెనిమిదేండ్ల సంది నన్నెందుకు తోలుకపోయినవ్? మరాఠీ రానట్టు నా మొహం ఎందుకు చూసినవ్?"

"నువ్వు చెప్తుంటె చూడబుద్ధైతుండె. ఈయాల గుడ సూది చూసేదాంక నిజమే అనుకున్న" అంది వెంకవ్వ తీగల పక్కన కూర్చుంటూ. "నేను చెప్తే నా నొప్పి నాకే అగ్గువ గనవడ్తది. నువ్వు చెప్తే ఔనే, నాకు గింత గోస ఉందా అనిపిస్తది. డాక్టర్ గుడ చెయ్యి పట్టి చూస్తుండె. గురువారం ఐదు నిమిషాలల్ల బంద్ జేసింది గా డాక్టరమ్మ. రెండు గోలీలు. మోకాలు ఇంక నొస్తనే ఉంది."

"మరి పక్కింటామె అంటివి!"

"పక్కింట్లనే ఉంటవ్ గద! ఇంకేమనాలె?"

శివవ్వ గురువారం తీసుకున్న రబ్బరు బ్యాండును చేతి నుంచి తీసి, వెంకవ్వ ఫైలుకు మళ్లీ చుట్టింది.

తర్వాతి గురువారం పదింటికి తృప్తి ఫోన్‌ను స్టూలు మీద పెట్టి, తనే పక్కకు జరిగి, శివవ్వకు కుర్చీ వేసింది. వెంకవ్వ చాపమీద కూర్చుంది. డాక్టర్ శుభాంగి అభ్యంతరం చెప్పబోయింది కానీ శివవ్వ అప్పటికే తన మోకాలు పట్టుకుంది. గవ్వల దగ్గర మొదలుపెట్టి, తెల్లవారుజామున లేచి గోడ పట్టుకుని నడిచే దాకా ఎక్కడా వదల్లేదు. డాక్టరమ్మ మధ్యలో ఒక్క మాట అనలేదు. ఇరవై నిమిషాల తర్వాత మందు మార్చింది. ఎక్స్‌రే రాసింది. నాందేడ్‌లోనే ఒక ఎముకల డాక్టర్‌ను కలవమంది.

"వెంకవ్వగారూ, ఇంత నొప్పి పెట్టుకుని పోయినసారి ఎందుకు చెప్పలేదమ్మా?" అని అడిగింది చివరికి.

"నాకు గుడ ఇప్పుడే ఎర్కైంది డాక్టరమ్మా" అంది వెంకవ్వ.