డిక్కీలో బావమరిది

ఆ శనివారం సిక్స్‌టెన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి కాఫీ, తొమ్మిదింటికి స్వీడన్‌లోని తన ఊరు ఊర్సా నుంచి బయల్దేరడం, పన్నెండుకల్లా రెట్‌విక్‌లో సరస్సు ఒడ్డున పాత అమెరికన్ కార్ల ఊరేగింపులో చేరడం. ఆయనది 1959 నాటి నీలాకుపచ్చ బ్యూక్. ఎవరిదో కోళ్లపాకలో తుప్పుకుప్పగా పడి ఉన్నదాన్ని తెచ్చి తొమ్మిదేళ్లు కూర్చుని బాగుచేశాడు. ఎవరైనా దానికి ఆనుకుంటే ఆయన ప్రాణం విలవిల్లాడిపోయేది. భార్య హిల్లెవి చేతిసంచీ కూడా దాని మీద పెట్టి ఎరగదు.

ఒక్కటే లోటు. గతుకు వచ్చినప్పుడల్లా వెనక నుంచి టక్కుమని చప్పుడు.

"నేను డిక్కీలో పడుకుని వింటా బావా. నువ్వు పెరట్లో రెండు చుట్లు తిప్పు," అన్నాడు హిల్లెవి తమ్ముడు ఎవర్ట్. అతనికి బేకరీ ఉంది. తెల్లారకముందే లేచి రొట్టెలు కాల్చి, అటునుంచి అటే వచ్చాడు. డిక్కీ తాళంచెవి జేబులో వేసుకుని, లోపల దుప్పటి పరుచుకుని ఒదిగి పడుకున్నాడు. సిక్స్‌టెన్ మూత వేశాడు.

రెండో చుట్టులోనే లోపల నుంచి కేక వినబడింది. "జాకీ కట్టు ఊడింది బావా! బిగించేశాను. ఇక తియ్యి!"

సిక్స్‌టెన్ సంతోషంగా దిగివచ్చి చెయ్యి చాపాడు. ఆ చెయ్యి అలాగే ఉండిపోయింది.

"తాళంచెవి ఏదిరా?"

"నా జేబులో," అంది డిక్కీ.

హిల్లెవి భర్త వైపు తిరిగింది.

"రెండోది ఉందిగా?" అంది హిల్లెవి.

"ఉంది. డాష్‌బోర్డు సొరుగులో. దొంగలు పగలగొట్టలేని ఉక్కు సొరుగు."

"తియ్యి మరి!"

"ఆ సొరుగుకీ అదే తాళంచెవి."

"వెనక సీటు ఊడదీస్తే?"

"సీటు వెనక ఇనపరేకు పెట్టి రివెట్లు కొట్టాను. చీమ కూడా దూరదు," అన్నాడు సిక్స్‌టెన్ గర్వంగా. అది గర్వపడాల్సిన సమయం కాదని భార్య మొహం చూశాక అర్థమైంది.

ఆయన కారు కింద దూరి, డిక్కీ అడుగున నీళ్లు పోయే కంతల బిరడాలు లాగేశాడు. ఆ సన్న కంతల్లో తాళంచెవి పట్టలేదు. గాలి మాత్రం ఆడుతోందన్నాడు ఎవర్ట్. కానీ ఉక్కగా ఉందన్నాడు.

"గునపం తెచ్చి పగలగొట్టు," అంది హిల్లెవి.

"గునపమా! ఏడు పూతల రంగే అది!"

"లోపలున్నది నా తమ్ముడు!"

"కాదన్నానా? మూరాలో తాళాలవాడున్నాడు. పావుగంట దారి. ఏమంటావు ఎవర్ట్?"

పావుగంటే కదా అని ఎవర్ట్ సరేనన్నాడు.

మూరాలో తాళాల కొట్టు తలుపు మీద చీటీ అంటించి ఉంది: 'ఎండాకాలం సెలవులు. ఆగస్టులో కలుద్దాం.' జులైలో స్వీడన్ మొత్తం సెలవులో ఉంటుందని అరవై ఏడేళ్లుగా తెలిసిన మనిషి ఆ చీటీని మూడుసార్లు చదివాడు. ఇక రెట్‌విక్‌లో ఉన్నవాడే గతి. మరో నలభై కిలోమీటర్లు.

బ్యూక్‌కి దాహం ఎక్కువ. ఊరి చివర బంకు దగ్గర ఆగక తప్పలేదు. ఇంజన్ ఆగగానే డిక్కీ దద్దరిల్లింది.

"తెరవండి! ఇక నా వల్ల కాదు!"

సిక్స్‌టెన్ మూత మీద పడిన వేలిముద్రను జేబురుమాలుతో తుడుస్తూ వంగి చెప్పాడు. "అరవకురా. ఇంకో అరగంట ఓర్చుకో. అంతా అయిపోతుంది."

"ఒక్క గుక్క నీళ్లయినా పోసే దారి లేదు తమ్ముడూ!" అని హిల్లెవి ముక్కు చీదింది.

పక్క పంపు దగ్గర ఒకావిడ మొహం పాలిపోయింది. బ్యూక్ కదలగానే నెంబరు రాసుకుని ఫోను తీసింది.

సరస్సు పక్క దారిలో ఊరేగింపుకి వెళ్తున్న పాత కార్లు ఒక్కొక్కటీ వచ్చి వెనక చేరాయి. ఇరవై దాకా ఉంటాయి. అంతలో ఒక పోలీసు బండి నీలం దీపం తిప్పుకుంటూ వాళ్లందరినీ దాటి వచ్చి బ్యూక్ ముందు నిలిచింది.

"చూశావా, మనకి పోలీసు కాపలా పెట్టారు!" అన్నాడు సిక్స్‌టెన్.

పోలీసులు ఆయన్ని పక్కనున్న గడ్డిమైదానంలోకి మళ్లించారు. ఊరేగింపు ఇక్కడినుంచేననుకుని ఇరవై కార్లూ మళ్లి వరసగా నిలబడ్డాయి. హారన్లు మోగాయి. తూవా అనే పోలీసమ్మాయి దిగివచ్చింది.

"డిక్కీలో ఏముంది?"

"బావమరిది," అన్నాడు సిక్స్‌టెన్.

"బతికే ఉన్నాడా?"

"మూరా దాటేదాకా అరుస్తూనే ఉన్నాడు."

"తెరవండి."

"తాళంచెవి వాడి దగ్గరుంది."

"లోపల ఎవరు పెట్టారు?"

"వాడే ఎక్కాడమ్మా!" అని హిల్లెవి అడ్డొచ్చింది. "చప్పుడు వినడానికి!"

తూవా సహోద్యోగి చెయ్యి నడుము దగ్గరి సంకెళ్ల మీదికి వెళ్లింది. తూవా డిక్కీ మీద తట్టింది. మళ్లీ తట్టింది.

"ఎవర్ట్!" అని పిలిచింది హిల్లెవి. "ఒరే, ఎవర్ట్!"

లోపల ఉలుకూ పలుకూ లేదు. హారన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. సిక్స్‌టెన్ మొదట వేళ్లతో తట్టాడు. తర్వాత పిడికిలితో, ఆ రంగు మీదే, దబదబా బాదాడు. రేకు వేడిగా ఉంది. ఆ వేడి అరచేతికి తగలగానే ఆయన పోలీసుల వైపు తిరిగాడు.

పోలీసతను బండిలోంచి గునపం తెచ్చాడు.

"ఇటివ్వండి," అన్నాడు సిక్స్‌టెన్. "పాపం నాది. నేనే కొడతాను."

గునపం మూత అంచున దోపి ఒళ్లంతా మోపాడు. ఏడు పూతలూ పెచ్చులుగా లేచాయి. రేకు కీచుమంది. వెనక నిలబడ్డ కార్లవాళ్లలో ఇద్దరు కళ్లు మూసుకున్నారు. మూడో ఊపుకి తాళం ఊడి, మూత మధ్యకి వంగి, పైకి లేచింది.

ఎవర్ట్ దుప్పటి మీద ముడుచుకుని, నోరు తెరుచుకుని, గుర్రు పెడుతున్నాడు. ఒళ్లంతా చెమట. తెల్లారకముందు లేచినవాడికి మూరా దాటాక కారు ఊపు ఉయ్యాలైంది.

హిల్లెవి అతని చెంప మీద ఒక్కటిచ్చింది. ఎవర్ట్ కళ్లు తెరిచాడు. ఆకాశం చూశాడు, పోలీసుల్ని చూశాడు. తర్వాత మూత చూసి దిగ్గున లేచి కూర్చున్నాడు.

"అయ్యయ్యో బావా! ఎవడు చేశాడీ పని? పేరు చెప్పు, వాణ్ణి ఊరికే వదలను!"

సిక్స్‌టెన్ గునపం జారవిడిచి బావమరిదిని వాటేసుకున్నాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో ఆయనకే తెలియలేదు. అలా ఆనుకునే ఉండిపోయాడు, తన కారుకే.

తూవా నీళ్లసీసా ఎవర్ట్‌కి అందించి, రిపోర్టు పుస్తకం తెరిచి రాసుకుంది: 'నేరం జరగలేదు. బాధితుడు ఆవులిస్తున్నాడు. నిందితుణ్ణి మాత్రం ఈ రోజుకి ఒంటరిగా వదలకూడదు.'