సుధాకర్ రెడ్డి గారి వందేళ్ల డిస్కు

మిర్యాలగూడ రైస్ మిల్లు యజమానుల్లో ఎప్పుడూ ముందు వరుసలో కూర్చునే సుధాకర్ రెడ్డి గారు తమ కుటుంబ చరిత్రను రాబోయే తరాలకు అందించాలని నిర్ణయించినట్లు ఇందుమూలంగా తెలియజేయడమైనది. రాబోయే తరాలను ఈ విషయమై ఎవరూ సంప్రదించలేదు. సంప్రదించే ఆనవాయితీ కూడా మన దగ్గర లేదు.

ఈ నిర్ణయానికి కారణం ఒక మరణం. పోయింది మనిషి కాదు, పెన్ డ్రైవ్. కూతురు ప్రత్యూష పెళ్లి, మెహందీ మొదలుకొని అప్పగింతల దాకా, మొత్తం అందులోనే ఉంది. ఒక ఆదివారం చుట్టాలకు చూపిద్దామని టీవీకి గుచ్చితే టీవీ ఇందులో ఏమీ లేదంది. తీసి, ఊది, చొక్కాకు తుడిచి మళ్లీ గుచ్చారు. టీవీ మాట మార్చలేదు. ఊరు ఊరంతా వచ్చి భోంచేసిపోయిన పెళ్లి నిజంగా జరిగిందనడానికి ఇక అల్లుడు తప్ప వేరే సాక్ష్యం లేదు.

ఆయన సామాన్య చరిత్రకారుడు కాదు. ఆ ఇంట్లో ఏది జరిగినా కెమెరా వచ్చాకే జరిగేది. కొత్త ట్రాక్టరు నిమ్మకాయలు తొక్కడం, మిల్లులో బాయిలర్‌కు కొబ్బరికాయ కొట్టడం, తండ్రి దశదినకర్మకు నాయకులు వచ్చి విచారంగా నిలబడటం, అన్నిటికీ వీడియో ఉంది. కొన్ని క్యాసెట్లలో, కొన్ని సీడీల్లో, కొన్ని పాత ఫోన్లలో ఉన్నాయి. తీసినవాటిని మళ్లీ కూర్చుని చూసినవారు మాత్రం ఎవరూ లేరు. చరిత్ర ఉండాలి గానీ, దాన్ని చూడాలని ఎక్కడ రాసి ఉంది?

ఆయన భార్య రాధమ్మ ఒక్కటే అడిగింది.

"ఏమేం ఎక్కిస్తవో నాకెర్క లేదు. మన కొత్తిల్లు పూజ క్యాసెట్ల మా అమ్మ ఉన్నది సూడు, గది మాత్రం పోనియ్యకు. ఆమె మాట ఉన్నది గా ఒక్కదాంట్లనే."

రాధమ్మ తల్లి ఆ పూజ జరిగిన ఏడాదే కన్నుమూసింది. హాల్లో ఆమె ఫోటో ఉంది, దానికి దండ ఉంది. ఫోటో మాట్లాడదు. తల్లి ముఖం రాధమ్మకు బాగానే గుర్తుంది గానీ, గొంతు ఈ మధ్య ఎంత తవ్వుకున్నా గుర్తుకు రావడం లేదు. ఆ సంగతి ఎవరికి చెప్పుకోవాలో తెలియక ఒకటి రెండు సార్లు వంటింట్లో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. క్యాసెట్టు ఆడించే మిషను ఆ ఇంట్లో ఎప్పుడో మూలపడింది.

"నీకెందుకు పరేషాన్? వందేండ్లు ఉండేటట్టు జేపిస్త," అని సుధాకర్ రెడ్డి గారు హామీ ఇచ్చారు. మార్కెట్ కమిటీ పదవి కోసం తిరగడం మొదలుపెట్టిన నాటి నుంచి ఆయనకు హామీలివ్వడం అలవాటైపోయింది.

ముందుగా సూర్యాపేట వెళ్లారు. అక్కడ స్టూడియో నడిపే భిక్షపతే మొదటి నుంచీ ఆ ఇంటి ఆస్థాన వీడియోగ్రాఫరు.

"హెచ్‌డీ డిస్కు గావాలె భిక్షపతీ. ఖరాబు గావద్దు. ఖర్సు గూడ మస్తుగ గావద్దు," అన్నారు.

"మీకు హెచ్‌డీ ఇయ్యకపోతె ఇంకెవలకిస్త పటేలా!" అన్నాడు భిక్షపతి.

నమూనాగా ఒకటి తయారుచేసి ఇచ్చాడు. బంగారు రంగు పెట్టె, మీద తళతళలాడే అక్షరాలతో హెచ్‌డీ అని స్టిక్కరు, పక్కన వినాయకుడు. లోపల ఉన్నది మామూలు డీవీడీ. ఇంటికెళ్లి పెట్టి చూస్తే బొమ్మ మంచులో తీసినట్టుంది. మిర్యాలగూడలో మంచు పడదు కనుక సుధాకర్ రెడ్డి గారికి అనుమానం వచ్చింది. తిరిగొచ్చి నిలదీశారు.

"లోపటిది ఎవలు సూస్తరు పటేలా? కవర్ సూడుండ్రి, ఎట్లున్నది!" అన్నాడు భిక్షపతి, ఏమాత్రం తొణక్కుండా.

ఇది మన దగ్గర బడుల నుంచి బ్రిడ్జిల దాకా అమలులో ఉన్న సూత్రమే. అయినా ఆయనకు కోపమొచ్చింది. క్యాసెట్ల సంచీ తీసుకుని కారెక్కి, కోదాడ దారి పట్టారు.

కోదాడలో సాయికుమార్ షాపుకు అద్దాల తలుపులున్నాయి, ఏసీ ఉంది. చరిత్రకు ఇంతకంటే ఏం కావాలి?

"ఇది బ్లూరే అండి. మామూలు డిస్కుల్లాంటిది కాదు, బొమ్మ అద్దంలో చూసినట్టుంటుంది. వందేళ్లు గ్యారంటీ," అన్నాడు సాయికుమార్.

"వందేండ్లయినంక ఖరాబైతె?"

"అదే డిస్కు పట్టుకుని షాపుకి వచ్చెయ్యండి సార్. మార్చి ఇచ్చేస్తాం."

నమ్మకం సంగతి అలా తేలిపోయింది. మిగిలింది పొదుపు. ఉన్న వీడియోలన్నీ ఎక్కించాలంటే డిస్కులు పెట్టెడు పడతాయని సాయికుమార్ లెక్క చెప్పాడు. సుధాకర్ రెడ్డి గారు విందుల దగ్గర వెనకాడే మనిషి కాదు గానీ, విందును దాచుకునే దగ్గర చెయ్యి బిగుసుకుంది.

"అన్ని ఒక్క దాంట్లనే పట్టియ్యి. ముఖ్యమైనయి ఉంచి, కడమయి తీసెయ్."

ముఖ్యమైనవి ఏవో తేల్చే విధివిధానాలు అక్కడికక్కడే నోటిమాటగా జారీ అయ్యాయి. కారు దిగేవారు ముఖ్యం. నడిచొచ్చేవారు కాదు. శాలువా కప్పించుకునేవారు ముఖ్యం. వంటకాలు ముఖ్యం, వండినవారు కాదు. ఏడ్చే పిల్లలు, తినే ముసలివాళ్లు, ఊడ్చే ఆడవాళ్లు ఎవరి చరిత్రలోనూ ఉండరు కనుక ఇందులోనూ ఉండనక్కర్లేదు. ఈ పద్ధతిలో చరిత్ర తయారుచేయడం సుధాకర్ రెడ్డి గారు కనిపెట్టింది కాదు. పెద్ద పెద్దవాళ్లు ముందే చేసి చూపించారు.

కొన్నాళ్లకు సాయికుమార్ ఫోన్ చేశాడు. అప్పుడాయన మిల్లు ముందు నిలబడి, ఎండలో ఎండి పెళపెళమంటున్న ఒక రైతు వడ్లలో తేమ ఎక్కువుందని నిరూపించే పనిలో ఉన్నారు.

"సార్, గృహప్రవేశంలో నాయకుడు గారు గుమ్మంలోకొచ్చే షాట్ ఉంది కదండీ. ఎవరో పెద్దావిడ పళ్లెం పట్టుకుని సరిగ్గా ఎదురుగా నిలబడి ఏదో మాట్లాడుతున్నారు. ఏం చెయ్యమంటారు?"

"అడ్డమొచ్చినయన్ని తీసెయ్ అని చెప్పిన గదనయ్యా!"

"అలాగేనండి. మరి పాత క్యాసెట్లు?"

"డిస్కు వచ్చినంక గవెందుకు? స్క్రాపులెయ్యి," అని ఫోన్ పెట్టేసి, మళ్లీ తేమ వైపు తిరిగారు.

ఇంత చరిత్రను ఇంట్లో చూసుకుంటే బాగుండదని ఫంక్షన్ హాల్లో డిస్కు ఆవిష్కరణ మహోత్సవం ఏర్పాటైంది. బైపాస్ నుంచి హాలు దాకా ఫ్లెక్సీలు వెలిశాయి. ముఖ్య అతిథిగా విచ్చేసిన ఇప్పటి నాయకుడు డిస్కును రెండు వేళ్లతో పైకెత్తి, అందులో తన ముఖం ఒకసారి చూసుకుని, జుట్టు సవరించుకుని ప్రసంగించారు.

"ఇయ్యాల మిర్యాలగూడ చరిత్రల సువర్ణాక్షరాలతోని రాసుకునే దినం! ప్రజలకు అన్నం పెట్టినోళ్లను సూసినం. బియ్యం పెట్టినోళ్లను సూసినం. కని డిస్కు పెట్టిన మనిషి నాకు తెల్సి మా సుధాకరన్న ఒక్కడే!"

చప్పట్లు మోగాయి. ఈ ఆవిష్కరణను కూడా రెండు కెమెరాలు, ఒక డ్రోను చిత్రీకరించాయి. దాన్ని ఏ డిస్కులో ఎక్కించాలో తర్వాత ఆలోచిస్తారు.

తెర మీద బొమ్మ మొదలైంది. నిజంగానే అద్దంలో చూసినట్టుంది. హాలులో ప్రతి ఒక్కరూ ఎవరి ముఖం కోసం వాళ్లు వెతుక్కున్నారు. "అగో, గా నీలం అంగీ నేనే!" అని కేకలు వినిపించాయి. దొరికినవారు సెల్ఫీ తీసుకున్నారు. దొరకనివారు అన్నాలకు లేచారు.

రాధమ్మ ముందు వరుసలో పట్టుచీర కట్టుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. గృహప్రవేశం వచ్చింది. కొత్త పొయ్యి మీద పాలు పొంగాయి. రాధమ్మ ముందుకు వంగింది. మరుక్షణం తెర మీద అప్పటి నాయకుడు వాహనం దిగారు. నెమ్మదిగా దిగారు. ఇంకా నెమ్మదిగా చెప్పు సర్దుకున్నారు. వెనక నుంచి డప్పులు, పూలవాన. ఆ తర్వాత ట్రాక్టరు వచ్చింది, బాయిలర్ వచ్చింది.

రాధమ్మ లేచి నిలబడింది.

"మా అమ్మేది?"

మెల్లగానే అడిగింది. కానీ సరిగ్గా అప్పుడే సంగీతం ఆగింది.

"ఉంటది. ఇంక ముంగటికి ఉంటది," అన్నారు సుధాకర్ రెడ్డి గారు వేదిక మీంచి.

"పాలు పొంగినయ్. అయిపోయింది. మా అమ్మ రాలే."

అప్పుడు గుర్తొచ్చింది ఆయనకు. పళ్లెం, పెద్దావిడ, అడ్డం. మిల్లు పెట్టిన కొత్తలో ఎంత పొద్దుపోయి ఇంటికొచ్చినా ఆయన కోసం పొయ్యి మీద అన్నం వేడిగా ఉంచిన మనిషి ఆ అత్తగారు. ఆమెను తీసేసి ఉంచిన అప్పటి నాయకుడు ఆ తర్వాత మూడు పార్టీలు మారి, ఇప్పుడు ఈయన ఫోనెత్తడం కూడా మానేశాడు.

ఇంటికొచ్చాక రాధమ్మ అరవలేదు, అలగలేదు. వేళకు వండింది, వేళకు వడ్డించింది. మాట మాత్రం ఒక్కటీ లేదు. భార్య ఎదురుగా తిరుగుతుంటే దండ వేయని ఫోటో తిరుగుతున్నట్టనిపించి సుధాకర్ రెడ్డి గారికి ముద్ద దిగలేదు. నిజంగానే దిగలేదు. ఆ రోజుల్లో ఆయన ప్లేటును ఎవరూ వీడియో తీయలేదు కనుక సాక్ష్యం చూపలేం.

కోదాడ పరుగెత్తారు. క్యాసెట్లు స్క్రాపులో పోయాయి. కంప్యూటర్లో ఉన్నది కొత్త పెళ్లిళ్లకు చోటు కోసం చెరిపేశారు.

"మీరే కదండీ తీసెయ్యమన్నారు?" అన్నాడు సాయికుమార్ వినయంగా. "గ్యారంటీ డిస్కుకేనండి. లోపలుండే మనుషులకి కాదు."

ఇక మిగిలింది ఒకే దారి. ఆ పూజ అయిన కొత్తలో భిక్షపతి చేత సీడీలు చేయించి చుట్టాలందరికీ పంచారు. వాటిలో ఒక్కటి దొరికినా చాలు. మునగాలలో పినతల్లి కొడుకు ఎంతో అభిమానంగా పొలానికి తీసుకెళ్లి చూపించాడు. గృహప్రవేశం గట్టు మీద కర్రకు వేలాడుతూ ఎండకు మిలమిలా మెరుస్తోంది. "గిది కట్టినకాడి నుంచి ఒక్క పిట్ట వాల్తలేదన్నా!" అన్నాడు. హాలియాలో మేనత్త ఇంట్లో అది ట్రాక్టరు ట్రాలీ వెనక మేకు కొట్టించుకుని, వచ్చే లారీలకు వెలుగు చూపిస్తోంది. వంశచరిత్ర జనానికి ఇంతగా ఉపయోగపడుతుందని ఆయన ఏనాడూ అనుకోలేదు.

చివరికి తిరుమలగిరి చేరారు. రాధమ్మ తమ్ముడు పెంటయ్య పత్తి చేను నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, బీరువా తెరిచి, పట్టుబట్టల అడుగు నుంచి సీడీ తీశాడు. మీద ప్లాస్టిక్ కాగితం కూడా చింపలేదు.

"పాణం లెక్క దాసిన బావా. ఇప్పటిదాక ముట్టలే."

"ఒక్కసారన్న సూడలేదా పెంటయ్యా? మీ అమ్మ ఉన్నది గద దీంట్ల?"

పెంటయ్య నెత్తి గోక్కున్నాడు. "సూద్దామనే ఉంటి. యాడ తీరింది బావా?"

హై డెఫినిషనూ కాదు, బంగారు పెట్టే కాదు, వందేళ్ల గ్యారంటీ అసలే లేదు. ఎవరూ చూడకపోవడం ఒక్కటే దాన్ని కాపాడింది.

రాధమ్మను వెంటబెట్టుకుని సూర్యాపేట వెళ్లారు. ఇంట్లో ఉన్న మిషను ఆ పాత సీడీని పట్టలేదు. దాన్ని ఆడించే పాత కంప్యూటరు భిక్షపతి దగ్గరే ఉంది. బొమ్మ గళ్లు గళ్లుగా విడిపోయింది, ఆగింది, మళ్లీ కదిలింది. పాలు పొంగాయి. పళ్లెం పట్టుకుని పెద్దావిడ గుమ్మంలోకి వచ్చింది. వెనక నాయకుడి కారు ఆగిన చప్పుడు. ఆమె అటు తిరగనైనా తిరగలేదు. నేరుగా కెమెరాలోకి చూసింది.

"ఓ భిక్షపతీ, పొద్దుగాల్ల సంది గా కెమెరా బుజం మీదనే మోస్తున్నవ్. దించి ఇంత తిను బిడ్డా. వచ్చేటోళ్లు వస్తనే ఉంటరు."

భిక్షపతి కుర్చీలో వెనక్కి వాలాడు. "ఆ దినం ఆమె తినమంటెనే తిన్న పటేలా. ఇంకెవలు అడుగలే," అన్నాడు.

రాధమ్మ రెండు చేతులతో నోరు మూసుకుంది. చేతులు తీసి, "ఇంకోపారి పెట్టు," అంది. భిక్షపతి పెట్టాడు. మళ్లీ పెట్టమంది. ఆమె భుజాలు కదిలిపోతున్నాయి. సుధాకర్ రెడ్డి గారి కళ్లల్లోనూ నీళ్లు తిరిగాయి. ఆయన గొంతు సవరించుకున్నారు. భార్య భుజం మీద చెయ్యి వేయబోయారు. ఆ చెయ్యి దారిలోనే మనసు మార్చుకుని జేబులోకి వెళ్లింది. ఫోను బయటికి వచ్చింది.

"జర ఇటు మల్లు రాధా. ఎల్తురు సాల్త లేదు."

రాధమ్మ మళ్లలేదు. ఆయన పక్క నుంచే తీశారు. కంప్యూటరూ, అందులో అత్తగారూ, ఆమె మాటా, ఏడుస్తున్న భార్యా అన్నీ వచ్చేటట్టు తీసి, అక్కడే నిలబడి స్టేటస్ పెట్టారు.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడూ చూశాయి. ఇప్పటి నాయకుడు దండం పంపారు. సాయికుమార్ బొటనవేలు పంపాడు. పెంటయ్య పువ్వు పంపాడు. ఆమె ఏమందని మాత్రం ఎవరూ అడగలేదు, ఎందుకంటే ఎవరూ సౌండు పెట్టలేదు. కొందరు బస్సులో ఉన్నారు, కొందరు మీటింగులో ఉన్నారు. కొందరైతే పక్కన కూర్చుని వాళ్లమ్మ ఏదో చెబుతుంటే, ఆఁ ఆఁ అంటూ వేలితో పైకి తోస్తూ చూశారు.

మీరూ చూసే ఉంటారు.